విద్యార్థి వివరాలను సంస్థలన్నీ ఒకే తీరుగా రాసుకోవడం ఎలా?

కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి వచ్చిన పిల్లవాడు పగలు ఉన్నత పాఠశాలలో, సాయంత్రం స్వచ్ఛంద సంస్థ ట్యూషన్‌లో, రాత్రి సంక్షేమ వసతి గృహంలో ఉంటాడనుకుందాం. మూడు చోట్లా అతని పేరు రాసుకుంటారు. ఆ మూడు పట్టికలను ఒకచోట కలిపితే చాలాసార్లు ఒక్క పిల్లవాడు ముగ్గురుగా తేలతాడు. ఇలాంటప్పుడు ముందుగా సాఫ్ట్‌వేర్ కొనేవారే ఎక్కువ గానీ, నిజానికి అది చివర చేయవలసిన పని.

మొదట సంస్థల ప్రతినిధులు కూర్చుని, ఉమ్మడిగా ఏ ప్రశ్నలకు జవాబు కావాలో రాసుకోవాలి. ఎనిమిదో తరగతి పూర్తయ్యాక తొమ్మిదిలో చేరనివారెవరు అన్నది అలాంటి ప్రశ్న. ఏ ప్రశ్నకూ అక్కరకు రాని వివరాన్ని, అది ఆధార్ సంఖ్య అయినా సరే, పట్టికలోంచి కొట్టివేయాలి.

తరువాత ఒక్కొక్క మాటకు అర్థం నిర్ణయించాలి. ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, పట్టనివ్వాలి కూడా. ఉదాహరణకు, గోదావరికి వరద వచ్చి బడి 5 రోజులు మూసి, మిగిలిన 20 రోజుల్లో పిల్లవాడు 15 రోజులు వచ్చాడంటే, తెరిచిన రోజులనే లెక్కించే సంస్థకు హాజరు 75 శాతం, మూసిన రోజులనూ కలిపే సంస్థకు 60 శాతం అవుతుంది. రెండు లెక్కల్లోనూ తప్పు లేదు, కానీ వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అలాగే తల్లిదండ్రులతో రొయ్యల చెరువుల మీద పనికి వెళ్లి అక్కడి బడిలో చేరిన పిల్లను "బడి మానేసింది" అనాలా, "బడి మారింది" అనాలా, ఎన్ని రోజులు రాకపోతే ఏ మాట వాడాలి అన్నది అంకెతో సహా కాగితం మీద ఉండాలి.

ఆ తరువాత గడులు. ఇంటిపేరుకు ఒకటి, పేరుకు ఒకటి విడిగా పెట్టి, పేరును ముందు తెలుగు లిపిలోనే రాయించడం మేలు. ఎందుకంటే తెలుగులో ఒకే తీరున ఉండే "లక్ష్మి"ని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకరు కె, ఎస్, హెచ్ వాడితే ఇంకొకరు ఎక్స్ వాడతారు. పుట్టిన తేదీని 2014-06-03 అన్నట్టు సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే అది జూన్ 3వ తేదీయా, మార్చి 6వ తేదీయా అన్న సందేహం ఉండదు. పాఠశాలకు 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రభుత్వం ప్రతి బడికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య), విద్యార్థికి 12 అంకెల అపార్ సంఖ్య (విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్నచోట వాటినే వాడాలి. కొత్త సంఖ్యలు పుట్టించడం అనవసరం. అయితే ఎక్సెల్‌లో ఆ గడిని ముందుగానే టెక్స్ట్‌గా మార్చకపోతే 12 అంకెల సంఖ్య కుదించుకుపోయి, మధ్యలో "ఈ ప్లస్" గుర్తుతో కనిపిస్తుంది. దాన్ని అలాగే సీఎస్‌వీగా, అంటే వివరాలను కామాలతో విడదీసి ఉంచే మామూలు ఫైలుగా భద్రపరిస్తే చివరి అంకెలు పోతాయి.

ఊరి విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కాబట్టి, అమలాపురం ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉన్నా, 2019లో అక్కడ చదివిన విద్యార్థి అప్పటి జిల్లా తూర్పు గోదావరే. పట్టికలోని పాత వరుసను దిద్దకుండా, ఆ వివరం ఏ సంవత్సరానిదో చెప్పే గడిని చేర్చాలి. యూడైస్ కోడ్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి. యానాం గోదావరి డెల్టాలోనే ఉన్నా పుదుచ్చేరికి చెందినది కనుక అక్కడి బడుల కోడ్ ఆంధ్రప్రదేశ్ బడులలా 28తో కాక 34తో మొదలవుతుంది. చూసి పొరపాటనుకోకూడదు.

సంస్థలు వివరాలు ఇచ్చిపుచ్చుకునే ముందు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివారు పిల్లలే. ఏ వివరం, ఎవరికి, ఎంతకాలం అన్నది సమ్మతి పత్రంలో తెలుగులో ఉండాలి. వాట్సాప్ గ్రూపులో పట్టిక పెట్టడం అసలే కూడదు.

చివరగా ముప్పై మంది పిల్లల వరుసలతో ఒకసారి కలిపి చూడాలి. పొసగని ప్రతి వరుసను బడి అడ్మిషన్ రిజిస్టరుతో సరిపోల్చి, తప్పు ఏ సంస్థ పట్టికలో ఉంటే ఆ సంస్థ చేతనే దిద్దించాలి. అందుకున్నవారు తమ ప్రతిలో మాత్రమే దిద్దుకుంటే మరుసటి నెల అదే తప్పు మళ్లీ వస్తుంది.