బడ్జీల జంటకు గూడు పెట్టె పెట్టే ముందు

పెట్టె కనబడితే చాలు, చాలా ఆడ బడ్జీలు (పంజరంలో పెంచుకునే చిన్న చిలుకలు) గుడ్లకు సిద్ధమైపోతాయి. అందుకే అది అన్నిటికంటే చివర. ముందు ఇవి చూసుకోండి.

☐ రెండింటికీ ఏడాది నిండిందా? అంతకుముందే జత కట్టినా తొందరపడొద్దు. ఒళ్లు గట్టిపడని ఆడపక్షికి గుడ్డు లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది.

☐ ఆడదాని ముక్కు మీది చర్మం ముదురు గోధుమ రంగుకు తిరిగి, పొరలు కట్టినట్టు గరుకుగా ఉందా? మగదానిది నిగనిగలాడే నీలమా? లుటినో (ఒళ్లంతా పసుపు), అల్బినో (ఒళ్లంతా తెలుపు) రకాల మగవాటికి గులాబీ రంగే ఉంటుంది, టెన్షన్ పడకండి.

☐ ఒకే తల్లి పిల్లలు కాకూడదు. ఈకలు రాలుస్తున్నా, తుమ్ముతున్నా, రెట్ట నీళ్లలా ఉన్నా ఆపేయండి.

☐ కటిల్ బోన్ (కాల్షియం కోసం పక్షులు కొరికే, కటిల్ ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లటి పెంకు) వారాల ముందు నుంచే పంజరంలో ఉండాలి. గుడ్డు పెంకుకు కాల్షియం తల్లి ఒంట్లోంచే పోతుంది. ఒట్టి గింజలతో సరిపెట్టొద్దు. ఆకుకూరలు, ఉడికించిన గుడ్డు అలవాటు చేయండి. పిల్లలు పుట్టాక కొత్త తిండి పెడితే చాలా జంటలు ముట్టవు.

☐ చెక్కపెట్టె అడుగున గుంట తప్పనిసరి. చదునుగా ఉంటే గుడ్లు దొర్లుతాయి, పిల్లల కాళ్లు పక్కలకు జారి వంకరపోతాయి. దేవదారు పొట్టు వేయొద్దు, ఆ ఘాటు పడదు.

☐ పంజరంలో ఈ జంట తప్ప వేరే పక్షి ఉండకూడదు. పెట్టె కోసం ఆడవి రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి.

☐ పక్షులను చూసే డాక్టరు నంబరు ఇప్పుడే తీసిపెట్టుకోండి. వరసగా రెండుసార్లు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచాక పెట్టె తీసేయాలి.