దోమను గట్టు మీద నుంచి వెతకకండి

చేను ఒకచోట ముందే పండుతోందని మురిసిపోయిన తెలివి నాది. పశ్చిమ గోదావరిలో ఆచంట వైపు మూడున్నర ఎకరాల వరి చేను కౌలుకు తీసుకున్న తొలి సార్వా (ఖరీఫ్) అది. అక్టోబరు నెల. వెన్నులు ఇంకా పాలు పోసుకుంటున్నాయి. గట్టు మీద నిలబడి చూస్తే చేను నడుమ నులకమంచమంత మేర పసుపు రంగుకు తిరిగి కనిపించింది. నాలుగు రోజులకు అదే గుండ్రంగా కల్లమంత అయ్యి ఎండుగడ్డి రంగుకు తిరిగింది. అప్పుడు దిగి దుబ్బు విడదీస్తే మొదలంతా గోధుమరంగు దోమ. దీన్ని సుడిదోమ అని ఎందుకంటారో ఆ రోజు తెలిసింది.

ఈ దోమ ఆకుల మీద ఉండదు. నీళ్లకు కాస్త పైన, నీడలో, కాండాన్ని పట్టుకుని సూదిలాంటి నోరు గుచ్చి రసం పీలుస్తుంది. అందుకే గట్టు మీద నుంచి చూసినవారికి చేను కళకళలాడుతూనే ఉంటుంది. ప్యాంటు మడిచి, లేదా నాలాగా చీర ఎగదోపి, లోపలికి దిగాల్సిందే.

నేను చూసే పద్ధతి ఇది. నాట్లు వేసిన నెల దాటాక వారానికోసారి, సెప్టెంబరు నుంచి నాలుగు రోజులకోసారి, మూల నుంచి మూలకు నడుస్తాను. ఐదు చోట్ల ఆగి నాలుగేసి దుబ్బులు చూస్తాను. రెండు చేతులతో దుబ్బును విడదీస్తే దోమ కాండం చుట్టూ అడ్డంగా జరిగి అవతలి వైపు దాక్కుంటుంది, పీత నడిచినట్టే. ఒక వైపే చూసి సరిపెట్టుకుంటే సగం లెక్క పోతుంది. దుబ్బును కొంచెం వంచి మొదట్లో అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే నీళ్ల మీద పడతాయి. అవి మళ్లీ ఎగిరి కాండం ఎక్కేలోపు లెక్కపెట్టుకోవాలి. నీళ్లు లేని చేలో అయితే తెల్ల పళ్లెం పట్టుకెళతాను. ఇరవై దుబ్బుల లెక్క కూడి ఇరవైతో భాగిస్తే సరి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, వెన్నులు బయటికి వచ్చే ఈనిక దశ మొదలుకొని 20 నుంచి 25 ఉంటే మందు గురించి ఆలోచించాలి. అంతకు తక్కువైతే ఇంటికి వెళ్లి టీ తాగండి.

లెక్కతో పాటు రెక్కలు కూడా చూడండి. పొడుగు రెక్కలవి ఎక్కడి నుంచో ఎగిరి వచ్చినవి. పొట్టి రెక్కల బొద్దు ఆడదోమలు కనిపించాయంటే మీ చేలో కాపురం పెట్టినట్టే. ఒక్కొక్కటి రెండు మూడు వందల గుడ్లు ఆకు తొడిమ లోపల దాచిపెడుతుంది. వారం, పది రోజుల్లో పిల్లలు దిగుతాయి.

అదే దుబ్బులో సన్నగా, ఆకుపచ్చగా, చురుగ్గా పరుగెత్తే చిన్న పురుగు కనిపిస్తే చంపకండి. అది మిరిడ్ నల్లి. దోమకు దూరపు చుట్టమే, దానికీ సూది నోరే. కాకపోతే ఆ సూదిని దోమ గుడ్లలో గుచ్చుతుంది. సాలీళ్లు కూడా మనవైపే. ఇవి బాగా ఉన్న చేలో లెక్క కొంచెం అటూ ఇటూ ఉన్నా నేను మూడు రోజులు ఆగి మళ్లీ చూస్తాను.

ఆ తొలి ఏడు నేను ఆగలేదు. మందుల దుకాణంలో అన్ని పురుగులకూ పనికొస్తుందని ఇచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు తెచ్చి పైపైన కొట్టించాను. సాలీళ్లూ మిరిడ్ నల్లులూ పోయాయి, దోమ మిగిలింది. పది రోజుల్లో అర ఎకరం మాడిపోయింది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి ఆ రకం మందులు వరిలో దోమను పెంచుతాయని తరువాత మారుటేరు వరి పరిశోధన స్థానానికి వెళ్లినప్పుడు చెప్పారు. డబ్బు పెట్టి దోమను పెంచుకున్నానన్నమాట.

మందు తప్పనిసరైతే ముందు నీళ్లు తీసేయండి. రెండు మూడు రోజులు చేను ఆరితేనే సగం దోమ బలహీనపడుతుంది. పిల్లదోమలు ఎక్కువగా ఉంటే బుప్రోఫెజిన్ లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు. ఇది పిల్లను కుబుసం విడవనివ్వదు కాబట్టి మర్నాడే చావలేదని కంగారుపడి ఇంకోటి కొట్టకండి. రెక్కలవీ పిల్లలూ కలిసి ఉంటే ఎకరానికి పైమెట్రోజిన్ 120 గ్రాములు, లేదా డైనోటెఫ్యూరాన్ 80 గ్రాములు, లేదా ట్రైఫ్లుమెజోపైరిమ్ 94 మిల్లీలీటర్లు. వీటిలో ఒక్కటే, రెండు కలపవద్దు. రెండోసారి అవసరమైతే వేరేది మార్చండి. ఇమిడాక్లోప్రిడ్‌కు మన దోమ ఎప్పుడో అలవాటుపడిపోయింది. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పడాలి. ఇక్కడే కూలీలతో నాకు ఏటా గొడవ. పది ట్యాంకులు మోయాల్సిన చోట ఆరుతో ముగిస్తామంటారు. నాజిల్ కిందికి వంచి మొదళ్లు తడిసేలా కొట్టకపోతే ఎంత మంచి మందైనా ఆకులు కడిగినట్టే.

మొదళ్ల దాకా మందు వెళ్లాలంటే దారి ఉండాలి. అది నాట్లప్పుడే ఆలోచించుకోవాలి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట, తూర్పు పడమరలుగా. భూమి వృథా అని మా మరిది రెండేళ్లు నవ్వాడు. ఇప్పుడు తన చేలోనూ బాటలు తీస్తున్నాడు, నా పేరు మాత్రం చెప్పడు. బాటల్లో గాలి, ఎండ ఆడితే దోమకు ఆ చల్లని నీడ దొరకదు. యూరియా కూడా అంతే. మూడు దఫాలుగా, చివరిది చిరుపొట్టకు, అంటే కాండంలో వెన్ను మొదలయ్యే దశకు, వేసి ఆపేయాలి. యూరియా ఎక్కువై నల్లగా నిగనిగలాడే చేనంటే దోమకు పెళ్లి భోజనం.

రకం విషయంలో నా మాట కొందరికి నచ్చదు. సాంబ మసూరి బియ్యం నాకూ ఇష్టమే, కానీ దోమకు ఇంకా ఇష్టం. పల్లపు మడుల్లో నేను చైతన్య, ఇంద్ర లాంటి దోమను తట్టుకునేవే వేస్తాను. సన్నబియ్యం కోసం మెరక మీద అర ఎకరం చాలు.

మందు కొట్టే రోజు ఎక్కువ దోమ ఉన్న ఐదు దుబ్బుల పక్కన పుల్లలు గుచ్చి, వాటికి పాత చీర పేలికలు కట్టండి. నాలుగో రోజున అవే దుబ్బులు వంచి, అదే అరచేత్తో తట్టి లెక్కపెట్టండి.