ఎక్కువ, తక్కువ నేర్పడం – 3: ముందు జత, తర్వాత లెక్క

పోయిన పాఠంలో పిల్లల చేత పొడవు, బరువు పోల్చించాం. కర్రలు రెండూ ఒకే గీత దగ్గర మొదలయ్యేలా పెట్టాకే ఏది పొడవో చెప్పాలని అలవాటు చేశాం. ఆ అలవాటు ఈ పాఠం చివర్లో మళ్ళీ కావాలి. ఇంకా కుదరకపోతే మరో రెండు రోజులు అదే చేయించి ఇటు రండి.

ఈసారి సంఖ్య. ఇక్కడ చాలామంది టీచర్లు తొందరపడి ఒక మెట్టు వదిలేస్తారు. రెండు కుప్పలు ముందు పెట్టి "లెక్కపెట్టి, ఎందులో ఎక్కువున్నాయో చెప్పు" అంటారు. లెక్క రాని పిల్ల అక్కడే ఆగిపోతుంది. లెక్క వచ్చిన పిల్లాడు ఏడు, తొమ్మిది అని సరిగ్గానే చెప్తాడు, కానీ "మరి ఏవి ఎక్కువ?" అనగానే మన ముఖంలోకి చూస్తాడు. అంకెలు వరసగా చెప్పడం వేరు, ఏది ఎక్కువో తెలియడం వేరు. రెండోదానికి అసలు అంకెలే అక్కర్లేదు, జత కడితే చాలు.

ఐదు కప్పులు, ఏడు మూతలు తీసుకోండి. ఒక్కో కప్పుకి ఒక్కో మూత పెట్టమనండి. పెట్టడం అయ్యాక మొదటి ప్రశ్న "ఏవి ఎక్కువ?" కాదు, "ఏవి మిగిలాయి?" అనేది. మిగిలినవి కంటికి కనిపిస్తాయి కాబట్టి ఈ ప్రశ్నకి తడబడేవాళ్ళు తక్కువ. అప్పుడు మీరే చెప్పండి: "మూతలు మిగిలాయి. కాబట్టి కప్పుల కంటే మూతలు ఎక్కువ. మూతల కంటే కప్పులు తక్కువ." ప్రతిసారీ రెండు వైపుల నుంచీ చెప్పాలి. రెండో వాక్యం మింగేస్తే తర్వాత ఇబ్బంది పడతాం, ఎందుకో కాసేపట్లో చూద్దాం.

తరగతి మొత్తానికైతే నేల మీద సుద్దతో ఆరు గుండ్రాలు గీసి, ఎనిమిది మందిని పిలిచి, ఒక్కో గుండ్రంలో ఒక్కరే నిలబడాలని చెప్పండి. ఇద్దరు బయట ఉండిపోతారు. వాళ్ళని ఓడిపోయినవాళ్ళలా పక్కన కూర్చోబెట్టొద్దు, పాఠమంతా వాళ్ళ దగ్గరే ఉంది. "పిల్లలు ఎక్కువా, గుండ్రాలు ఎక్కువా? ఇంకెన్ని గీస్తే అందరికీ సరిపోతాయి?" అని అడిగి, సుద్దముక్క ఆ ఇద్దరికే ఇవ్వండి. మర్నాడు పిల్లల కంటే గుండ్రాలు ఎక్కువ గీసి ఆడించండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఆరు గులకరాళ్ళు ఒక వరసలో, ఎదురుగా మరో ఆరు, జతజతగా పెట్టండి. రెండూ సమానమేనని నాలుగైదేళ్ళ పిల్లలు ఒప్పుకుంటారు. తర్వాత వాళ్ళు చూస్తుండగానే ఒక వరసని ఎడంగా జరిపి మళ్ళీ అడిగితే, చాలామంది పొడుగు వరసలో ఎక్కువున్నాయంటారు. పిల్లల ఆలోచనను అధ్యయనం చేసిన స్విస్ మనస్తత్వవేత్త పియాజే ఈ పరీక్షతో ఆ వయసు ఆలోచనను వివరించే ప్రయత్నం చేశాడు. ఈ వయసు పిల్లలు సంఖ్యను వరస పొడవుతో కలిపేసుకుంటారని ఆయన నిర్ధారణ.

అయితే 1974లో మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు ఇదే పరీక్షని చిన్న మార్పుతో చేశారు. వరసని పెద్దవాళ్ళు కాక, అల్లరి చేసే బొమ్మ ఎలుగుబంటి వచ్చి చెదరగొట్టినట్టు చేశారు. అప్పుడు రెండూ సమానమేనన్న పిల్లల సంఖ్య బాగా పెరిగింది. టీచర్‌గా నాకు ఇది చాలా విలువైన సంగతి. పెద్దమనిషి కావాలని ఏదో మార్చి అదే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పేమో, ఇప్పుడు వేరేది చెప్పాలేమో అని పిల్లలు అనుకుంటారు. వాళ్ళు చదివేది రాళ్ళని ఒక్కటే కాదు, మనల్ని కూడా.

అందుకే తరగతిలో వరస మీరు జరపకండి. ఒక బొమ్మ చేత చెదరగొట్టించండి, లేదా ఎవరో ఒక పిల్లాడిని వచ్చి కదిలించమనండి. "ఇప్పుడు ఎందులో ఎక్కువ?" అని అడిగేసి ఊరుకోకుండా "నీకెలా తెలిసింది?" అని కూడా అడగండి. జవాబు సరైనదైనా సరే అడగాలి. తప్పైనప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే జవాబు మార్చేయడం పిల్లలకి అలవాటవుతుంది. పొడుగు వరసే ఎక్కువ అన్న పిల్లని సరిదిద్దే పని కూడా మీరు పెట్టుకోవద్దు. మళ్ళీ జతలు కట్టమనండి. ఏమీ మిగల్లేదని తన చేతులతో తనే కనుక్కోవాలి. ఈ ఒక్క పనికి వారం పట్టినా పర్వాలేదు.

చుక్కల కార్డులు కూడా చేసుకోండి. కార్డుకి రెండు వైపులా చుక్కలు వేసి, రెండు సెకన్లు చూపించి దాచేయండి. లెక్కపెట్టే టైమ్ ఉండకూడదు. ఇక్కడ తేడా కంటే నిష్పత్తి ముఖ్యం. నాలుగు, ఎనిమిది తేలిగ్గా పట్టేస్తారు. ఏడు, ఎనిమిది కష్టం. కాబట్టి రెట్టింపు జంటలతో మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి తీసుకురండి. కొన్ని కార్డుల్లో తక్కువ ఉన్న వైపు చుక్కలు పెద్దవిగా వేయండి, లేకపోతే పిల్లలు సంఖ్యను వదిలేసి రంగు నిండిన చోటుని చూస్తారు.

ఇక "తక్కువ" సంగతి. మనం రోజంతా "ఎవరికి ఎక్కువొచ్చాయి?" అని అడుగుతాం, "ఎవరికి తక్కువొచ్చాయి?" అని ఎప్పుడో గానీ అడగం. 1968లో డొనాల్డ్‌సన్, బాల్ఫోర్ మూడున్నరేళ్ళ వయసు పిల్లలకి రెండు బొమ్మ చెట్లకి యాపిల్ పళ్ళు తగిలించి, దేనికి తక్కువున్నాయో చూపించమంటే చాలామంది ఎక్కువున్న చెట్టునే చూపించారు. దానికి కారణమేమిటన్న దాని మీద తర్వాత వాదనలు జరిగాయి. తరగతిలో మనం చేయాల్సింది మాత్రం స్పష్టం: "తక్కువ"కి విడిగా ఆట ఉండాలి.

ఇద్దరు పిల్లలు, ఒక పాచిక, ఒక సంచిలో రెండు రంగుల చీటీలు. పచ్చచీటీ వస్తే ఎక్కువ వేసినవాళ్ళు గెలిచినట్టు, ఎర్రచీటీ వస్తే తక్కువ వేసినవాళ్ళు. ప్రతి ఆటకీ ముందు చీటీ తీయాలి. ఇలా మారుతూ ఉండటం వల్లే ఆలోచిస్తారు. వరసగా పది ఆటలు "తక్కువ" మీదే ఆడిస్తే ఊరికే అలవాటుతో గెలిచేస్తారు.

చివరి మెట్టు "ఎన్ని ఎక్కువ?" ఇది చాలా కష్టమైన ప్రశ్న. పక్షులు ఐదు, పురుగులు మూడు ఉన్న బొమ్మ చూపించి "పురుగుల కంటే పక్షులు ఎన్ని ఎక్కువ?" అంటే "ఐదు" అంటారు. లెక్క రాక కాదు, పక్షులెన్ని అని అడిగినట్టు వింటారు. హడ్సన్ అనే పరిశోధకుడు 1983లో ఇదే అడుగుతూ మరో మాటలో కూడా అడిగాడు: ఒక్కో పక్షి ఒక్కో పురుగుని తీసుకుంటే, ఎన్ని పక్షులకి పురుగు దొరకదు? కిండర్‌గార్టెన్ పిల్లల్లో మొదటి ప్రశ్నకి 25 శాతం మంది సరిగ్గా చెప్తే, రెండోదానికి 96 శాతం మంది చెప్పారు. ప్రశ్న మారింది, లెక్క అదే. మీరూ ముందు దొరకనివాళ్ళ గురించే అడగండి. జవాబు వచ్చిన వెంటనే "అంటే పక్షులు రెండు ఎక్కువ" అని జోడించండి. కొన్నాళ్ళకి ఆ జోడింపు పిల్లల నోటే వస్తుంది.

దీనికి సాయంగా ఒకే సైజు ఘనాలతో రెండు స్తంభాలు కట్టించి పక్కపక్కన, ఒకే గీత మీద నిలబెట్టించండి. పొట్టి స్తంభం మీద అరచేయి అడ్డంగా పెడితే, పైన మిగిలిందే తేడా.

ఎక్కువ, తక్కువ గుర్తులు (>, <) ఇప్పుడే వద్దు. సమాన గుర్తు 1557లో రాబర్ట్ రికార్డ్ అనే గణితజ్ఞుడి పుస్తకంలో అచ్చయితే, ఈ రెండూ 1631లో థామస్ హ్యారియట్ అనే మరో గణితజ్ఞుడి పుస్తకంలో గానీ రాలేదు. అంతవరకూ గణితం అవి లేకుండానే నడిచింది, మీ తరగతికి కొన్ని నెలలు ఆగడం కష్టం కాదు. మొసలి నోరు పెద్ద సంఖ్య వైపే తెరుచుకుంటుందని నేర్పితే మొసలి గుర్తుంటుంది, పోలిక గుర్తుండదు.

ఈ వారం మీ అభ్యాసం: ముగ్గురు పిల్లలతో విడివిడిగా గులకరాళ్ళ వరసలు చేయించండి. వరస చెదిరాక వాళ్ళు చెప్పిన కారణాన్ని వాళ్ళ మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోండి, సరిచేసి రాయొద్దు. "ఇది పొడుగ్గా ఉంది", "ఎవరూ తీయలేదుగా", "లెక్కపెట్టాను" – ఈ మూడు రకాల్లో ఏ పిల్ల ఎక్కడుందో చూసుకోండి. నాలుగో పాఠంలో "సమానం" దగ్గర ఆ నోట్స్ తీసుకుని కూర్చుందాం.