జావా కెరిస్ కాలం, పుట్టుక అంచనా – 4వ పాఠం: ముందు ఇనుము, తర్వాతే పామోర్

గత పాఠంలో భాగాల పేర్లు చూశాం. ఇప్పుడు కెరిస్ అనే జావా బాకు ఏ కాలానిదో, ఎక్కడ పుట్టిందో అంచనా కట్టే పని. జావాలో దీన్ని తాంగుహ్ అంటారు.

కొత్తవాళ్ల చూపు ముందుగా పామోర్ మీదికే, అంటే నల్లని ఇనుములో మెరిసే తెల్ల చారల మీదికే పోతుంది. తప్పు అక్కడే మొదలవుతుంది. నిమ్మరసం, పాషాణం (ఆర్సెనిక్) పట్టించి కొత్తగా రంగు తేల్చితే నిన్నటి కెరిస్ కూడా పాతదానిలాగే మెరుస్తుంది. మన తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు మీది అలలనూ దీన్నీ ఒకటే అనుకోకండి. అవి మూసలో కరిగి చల్లారిన ఉక్కులోంచే పుడతాయి. పామోర్ మాత్రం వేర్వేరు లోహాల్ని పొరలుగా అతికి, మడిచి, సాగగొడితే వచ్చేది. మధ్య జావాలోని ప్రంబనాన్ దగ్గర పడిన ఉల్కను 18వ శతాబ్దం చివర్లో సురకర్త రాజుల కోటకు చేర్చారు. మజాపహిత్ రాజ్యం అంతకు చాలా ముందటిది (13–16 శతాబ్దాలు). కాబట్టి 'ఇది ఉల్క పామోర్, మజాపహిత్ కాలం నాటిది' అని అమ్మకందారు చెబితే రెండు మాటల్నీ విడివిడిగా పరీక్షించండి.

అలుగును (బాకు లోహపు రేకును) పాషాణంతో కడిగి ఉంటారు కనుక చేతి తొడుగులు వేసుకోండి. పిడి తీయండి. బిగుసుకుపోతే బలవంతం చేయొద్దు, లోపలి తోక (పెసి) విరుగుతుంది. కిటికీ వెలుగులో అలుగును ఏటవాలుగా తిప్పుతూ ఈ వరుసలో చూడండి.

మొదట అరుగుదల. ఏటేటా సురో (జావా పంచాంగంలో మొదటి) నెలలో కడగడం వల్ల పులుపు మెత్తని ఇనుమును తినేస్తుంది, నికెల్ ఉన్న పొరలు గట్టుల్లా నిలుస్తాయి. అంచులు, మొన పలచబడతాయి, గ్రెనెంగ్ పళ్లు (అడుగు దగ్గరి రంపపు పళ్లు) మొద్దుబారతాయి. ఆమ్లంలో ముంచి ముసలిదాన్ని చేసిన అలుగు అలా ఉండదు. అంతటా ఒకే లోతు గుంటలు పడతాయి, అంచు మాత్రం మందంగానే ఉంటుంది. అలుగు ఎంతో అరిగినట్టున్నా తోక నిండుగా, పదునైన గీతలతో ఉంటే అనుమానించండి.

తర్వాత అడుగున అడ్డంగా కూర్చున్న గొంజొ. దాని ఇనుము అలుగుతో కలవకపోతే మార్చిందే. అలాంటి గొంజొను బట్టి కాలం కట్టకండి.

ఆపైన ఆకారం. సన్నగా, తేలికగా ఉంటే మజాపహిత్ శైలి అంటారు. 1745 తర్వాతి సురకర్త పనితనం నిండుగా, దిట్టంగా కనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త అవసరం: పాత కెరిస్‌కు నకలుగా చేసినవాటిని పుత్రన్ అంటారు. సురకర్త కమ్మరి మజాపహిత్ రూపాన్ని చక్కగా చేయగలడు. రూపం చెప్పేది శైలిని, ఇనుము, అరుగుదల చెప్పేవి వయసును. రెండూ పొసగకపోతే వయసు దగ్గర ఇనుము మాటే నమ్మండి.

వంపులు (లుక్) ఎప్పుడూ బేసి సంఖ్యే. సరి సంఖ్య వస్తే లెక్క తప్పినట్టు, లేదా మొన అరిగి చివరి వంపు చెరిగినట్టు. వంపుల సంఖ్యతో కాలం తేలదు.

అభ్యాసం: ఒకే కెరిస్‌ను పామోర్ కనపడకుండా కాగితం కప్పి అంచు, మొన, తోక మాత్రమే చూసి అంచనా రాయండి. తర్వాత కాగితం తీసి మళ్లీ రాయండి. 5వ పాఠంలో మదుర దీవి పనితనం చూద్దాం.