అఫిలియేట్ ప్రోగ్రాంలో చేరే ముందు జాగ్రత్తలు

అఫిలియేట్ ప్రోగ్రాం అంటే, మీరు పెట్టిన లింకు నొక్కి ఎవరైనా వస్తువు కొంటే కంపెనీ మీకు కమీషన్ ఇవ్వడం. చేరడానికే డబ్బు కట్టమంటే అక్కడే ఆగండి. మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ అన్నారా, అది గొలుసుకట్టు వ్యాపారమే.

మిమ్మల్ని చూసేది ఎవరో గమనించండి. నల్లగొండ బత్తాయి రైతుల కోసం వీడియోలు చేసేవారికి స్ప్రేయర్లు, డ్రిప్ సామాన్ల లింకులు నప్పుతాయి. కమీషన్ ఎక్కువని బెట్టింగ్ యాప్ లింకు పెడితే నమ్మకం పోతుంది, పైగా పోలీసు కేసుల టెన్షన్.

షరతులు ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అమెజాన్‌లో చేరిన 180 రోజుల్లో కనీసం 3 అమ్మకాలు రాకపోతే ఖాతా మూసేస్తారు. ఎవరైనా మీ లింకు నొక్కాక మామూలుగా 24 గంటల్లోపు కొంటేనే మీకు కమీషన్. మన లింకుతో మనమే కొంటే కమీషన్ రాదు. బావమరిదితో కొనిపించినా అంతే.

కనీసం ఎంత పోగైతే డబ్బు వేస్తారో కనుక్కోండి. పాన్ ఇవ్వకపోతే టీడీఎస్ (డబ్బు వేసేముందే కోసే ఆదాయపు పన్ను) 20 శాతం దాకా పోతుంది.

లింకు పక్కనే ‘దీనిపై నాకు కమీషన్ వస్తుంది’ అని రాయండి.