పదార్థాలతో పరిచయం – 5వ పాఠం: అతుకు దగ్గర లెక్క

కిందటి పాఠంలో తూకం దాకా వచ్చాం. స్టీలు ముక్కను ఉప్పునీళ్లలో నానబెట్టి, తీసి, తుప్పు కడిగి, ఆరబెట్టి, ఎంత బరువు పోయిందో రాసుకున్నాం. ఆ అంకెను పట్టుకుని ఈసారి అసలు ప్రశ్నకు వద్దాం: అణు వ్యర్థాలు పోసిన డబ్బా ఎన్నేళ్లు నిలుస్తుంది?

సూత్రం ఇది:

ఏడాదికి అరుగుదల (మి.మీ.) = 87.6 × పోయిన బరువు ÷ (సాంద్రత × వైశాల్యం × గంటలు)

బరువు మిల్లీగ్రాముల్లో, సాంద్రత ఘన సెం.మీ.కి గ్రాముల్లో, వైశాల్యం చదరపు సెం.మీ.లో వేయాలి. 87.6ను బట్టీ పట్టనక్కర్లేదు. ఏడాదికి 8,760 గంటలు. సెంటీమీటర్లను మిల్లీమీటర్లు చేస్తే పదితో హెచ్చవేత, మిల్లీగ్రాములను గ్రాములు చేస్తే వెయ్యితో భాగహారం. అంతే.

ముక్క వైశాల్యం 25 చ.సెం.మీ., సాంద్రత 8, నానిన కాలం 720 గంటలు, పోయింది 10 మిల్లీగ్రాములు అనుకుందాం. 876ను 1,44,000తో భాగిస్తే 0.006 మి.మీ. వస్తుంది. డబ్బా గోడ 10 మి.మీ. మందం ఉంటే 1,600 ఏళ్లకు పైగా ఆగుతుందన్నమాట. చూడ్డానికి ముచ్చటైన జవాబే, కానీ నమ్మదగింది కాదు.

ఎందుకంటే ఈ సూత్రం తుప్పు ముక్కంతా సమానంగా పట్టిందనుకుంటుంది. తూకానికి ఎంత పోయిందో తెలుస్తుంది కానీ, ఎక్కడ పోయిందో తెలియదు. అదే 10 మిల్లీగ్రాములు, ముక్కను పట్టి ఉంచిన బిగింపు కింద పావు చదరపు సెంటీమీటరు మేర మాత్రమే పోయాయనుకోండి. వైశాల్యం నూరో వంతైంది కాబట్టి వేగం నూరు రెట్లు, అంటే ఏడాదికి 0.6 మి.మీ. అదే గోడకు పదహారేళ్లలో చిల్లు పడుతుంది. అందుకే తూకం కాగానే ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి గుంటల లోతు కొలవాలి. ఈ రెండో పని మానేసి మొదటి అంకెతోనే సంబరపడిపోయేవాళ్లు చాలామందే ఉంటారు.

అసలు డబ్బాలో అలాంటి చోటు ఎక్కడుంటుంది? అత్యధిక రేడియోధార్మికత ఉన్న వ్యర్థాలను బోరోసిలికేట్ గాజులో కలిపి కరిగించి, స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాలో పోస్తారు. గాజూ స్టీలూ ఆనుకునే చోటే మనం వెతుకుతున్నది. ఎప్పటికైనా నీరు లోపలికి దిగితే ఆ సన్నటి సందులో చిక్కుకుంటుంది. అక్కడి ఆక్సిజన్ త్వరగా ఖర్చయిపోతుంది, బయటి నుంచి కొత్తది అందదు. కరిగిన క్రోమియం, ఇనుము అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆ అయాన్ల విద్యుదావేశాన్ని సరిపెట్టడానికి ఉప్పులోని క్లోరైడ్ లోపలికి చేరుతుంది. పీహెచ్ పడిపోతుంది, స్టీలును కాపాడే పొర తిరిగి కట్టుకోలేదు, మరింత లోహం కరుగుతుంది. ఆ ఆమ్లమే ఎదురుగా ఉన్న గాజునూ తినేస్తుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన గువో, ఫ్రాంకెల్ బృందం 2020లో చూపించింది ఇదే. గాజునూ స్టీలునూ ఒకదానికొకటి ఆనించి, ఉప్పునీటిలో 30 రోజులు ఉంచితే, ఆనుకున్న ముఖాలే దారుణంగా దెబ్బతిన్నాయి. వేర్వేరుగా పరీక్షించి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

ఇదే చూపుతో ఏరోజెల్ వైపు, అంటే జెల్‌లోని ద్రవాన్ని తీసేసి ఆ చోట గాలి మిగిల్చిన అతి తేలికైన ఘనపదార్థం వైపు తిరుగుదాం. రెండింటికీ చుట్టరికం కూడా ఉంది: వాడిన అణు ఇంధనాన్ని శుద్ధి చేసేటప్పుడు వెలువడే రేడియోధార్మిక అయోడిన్-129 వాయువును పట్టుకోవడానికి వెండి చేర్చిన సిలికా ఏరోజెల్‌ను పరీక్షించారు. ఆ అయోడిన్ అర్ధాయువు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 1.57 కోట్ల ఏళ్లు. గొట్టంలో నింపిన గుళికలు తమ బరువుకే నలిగి పొడైతే వాయువు పోయే దారి మూసుకుపోతుంది. కాబట్టి బలం కావాలి.

సిలికా ఏరోజెల్ అస్థిపంజరం నానోమీటర్ల సైజు పూసల దండ. ఒత్తితే పూస పగలదు, పూసకూ పూసకూ మధ్యనున్న మెడ విరుగుతుంది. సిలికా మొత్తంగా పెంచితే బలం వస్తుంది కానీ బరువూ పెరుగుతుంది, తేలిక పోయాక ఏరోజెల్ ఎందుకు? మెడ దగ్గరే పదార్థం చేర్చాలి. తడి జెల్‌ను ద్రావణంలో నిలవ ఉంచడం ఒక పద్ధతి: ఉబ్బెత్తు చోట్ల సిలికా కరిగి, లోపలికి వంపు తిరిగిన మెడల దగ్గర పేరుకుంటుంది. ఇంకా గట్టి పద్ధతి 2002లో నాసా గ్లెన్ కేంద్రం నుంచి లెవెంటిస్ బృందం ప్రకటించింది. డైఐసోసైనేట్ పాలిమర్‌తో కణాలను ఒకదానితో ఒకటి ముడివేస్తే, విరగ్గొట్టడానికి కావలసిన బలం వంద రెట్లకు పైగా పెరిగింది. ద్రవం తగిలినా కూలిపోలేదు.

కూలిపోవడం అంటే ఏమిటో అంకెల్లో చూడండి. రంధ్రంలో ద్రవం ఆరుతున్నప్పుడు గోడలను లాగే పీడనం, తలతన్యతకు రెట్టింపును రంధ్రం వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. ఎథనాల్‌కు తలతన్యత మీటరుకు 0.022 న్యూటన్లు, వ్యాసార్థం 10 నానోమీటర్లు అయితే 44 లక్షల పాస్కల్స్, వాతావరణ పీడనానికి సుమారు 43 రెట్లు! అందుకే 1931లో ఏరోజెల్‌ను మొదట తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త కిస్లర్, ద్రవం, ఆవిరి అనే తేడా చెరిగిపోయే సందిగ్ధ స్థితిలో జెల్‌ను ఆరబెట్టాడు. ఇప్పుడు ఎక్కువగా 31 డిగ్రీల పైన, 74 బార్లు దాటిన కార్బన్ డై ఆక్సైడ్ వాడుతున్నారు.

అభ్యాసం: కార్బన్ స్టీలు ముక్క, సాంద్రత 7.86, వైశాల్యం 20 చ.సెం.మీ., 1,000 గంటల్లో 60 మిల్లీగ్రాములు పోయాయి. సగటు వేగం ఎంత? అందులో సగం ఒక్క చదరపు సెంటీమీటరులోనే పోయి ఉంటే అక్కడి వేగం ఎంత? పైన చెప్పిన రంధ్రంలో ఎథనాల్ బదులు నీరు (0.072) ఉంటే పీడనం ఎంత? జవాబులు వచ్చే పాఠంలో, గుంటల లోతు కొలిచే పద్ధతితో పాటు.