ఎలకల్లో ఎండోటాక్సిన్ టాలరెన్స్ తెప్పించాలంటే ముందు నీళ్ళూ ఊకా చూసుకోండి

కాకినాడ, రాజమండ్రి, భీమవరం వైపు ఎం.ఫార్మ్ ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకున్నవాళ్ళ కోసం రాస్తున్నానండి. విషయం పాతదే, 1940ల్లోనే పాల్ బీసన్ కుందేళ్ళకి టైఫాయిడ్ వ్యాక్సిన్ రోజూ ఇస్తూ పోతే జ్వరం రోజురోజుకీ తగ్గిపోతుందని చూపించాడు. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్‌ని, అంటే ఎల్‌పీఎస్‌ని ముందు కొంచెం ఇస్తే, తర్వాత పెద్ద డోసు పడినా మాక్రోఫేజ్‌లు (బ్యాక్టీరియాని మింగే రక్షణ కణాలు) మొదటిసారిలా టీఎన్ఎఫ్ అనే వాపు తెచ్చే ప్రొటీన్‌ని కుమ్మరించవు. దీన్నే ఎండోటాక్సిన్ టాలరెన్స్ అంటారు.

మరి ఆ కొంచెం మనకి తెలీకుండానే లోపలికి పోతే? కంట్రోల్ గ్రూపు కూడా సగం టాలరెంట్ అయిపోతుంది, ఇక మీ గ్రాఫులో తేడా ఏం కనిపిస్తుంది చెప్పండి. మన డెల్టాలో అసలు చూసుకోవాల్సింది ఇదే. ఎండాకాలం కాలువలు కట్టేశాక చెరువుల్లో నిలవున్న నీళ్ళే దిక్కు, వాటి నిండా గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా, డిస్టిల్డ్ వాటర్ కూడా క్యానులో రోజుల తరబడి ఉంచితే అంతే సంగతి. ఆటోక్లేవ్ చేశాం కదా అంటారు, ఆటోక్లేవ్ బ్యాక్టీరియాని చంపుతుంది గానీ ఎల్‌పీఎస్ చాలావరకు అలాగే ఉండిపోతుంది. అందుకని ఇంజెక్షన్‌కి సీల్ ఉన్న పైరోజెన్ (జ్వరం తెచ్చే పదార్థం) లేని సెలైన్ మాత్రమే వాడండి, గాజు సామాను 250 డిగ్రీల్లో అరగంట డ్రై హీట్ పెట్టండి. మిల్లులో చవగ్గా వస్తుందని ఊక తెచ్చి బెడ్డింగ్ వేయడం మానేయండి, ఆ దుమ్ములో ఎండోటాక్సిన్ ఉంటుంది, ఎలకలు రోజంతా అదే పీలుస్తాయి. ఏ బెడ్డింగ్ అయినా అన్ని గ్రూపులకీ ఒకే బస్తాలోది వేయండి.

స్ట్రెయిన్ సి57బీఎల్/6 తీసుకోండి. సీ3హెచ్/హెచ్ఈజే వద్దు, వాటికి ఎల్‌పీఎస్‌ని పసిగట్టే టీఎల్ఆర్4 జీన్‌లోనే మ్యుటేషన్ ఉంది, బ్రూస్ బ్యూట్లర్ టీమ్ 1998లో తేల్చింది అదే, 2011లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది.

ఎల్‌పీఎస్ నీళ్ళలో ఊరికే కరిగిపోయే సరుకు కాదు. మిల్లీలీటర్‌కి ఒక మిల్లీగ్రాము కలిపితే కొంచెం మబ్బుగా కనిపిస్తుంది, గోడకి అంటుకుంటుంది, కాబట్టి సోనికేట్ చేసి (శబ్ద తరంగాలతో కదిపి) ప్రతి సిరంజి నింపే ముందు మళ్ళీ వోర్టెక్స్ మిషన్ మీద గిరగిరా కలపండి, లేకపోతే మొదటి ఎలకకో డోసు చివరి ఎలకకో డోసు పడుతుంది. మొదటి డోసు కిలోకి 0.1 మిల్లీగ్రాము, పొట్టలోకి. 25 గ్రాముల ఎలకకి 2.5 మైక్రోగ్రాములు, అంటే మి.లీ.కి 10 మైక్రోగ్రాములున్న సొల్యూషన్ 0.25 మి.లీ. 24 గంటల తర్వాత ఛాలెంజ్ డోసు, అంటే రెండో పెద్ద డోసు. ఆ డోసు ఎంతో పేపర్లో చూసి దించేయకండి, లాట్ (బ్యాచ్) మారితే పవర్ మారిపోతుంది, చిన్న పైలట్ చేసి మీ లాట్‌కి తేల్చుకోండి. గ్రూపులు నాలుగు ఉండాలి: సెలైన్-సెలైన్, సెలైన్-ఎల్‌పీఎస్, ఎల్‌పీఎస్-సెలైన్, ఎల్‌పీఎస్-ఎల్‌పీఎస్. ఇంజెక్షన్ టైము అన్ని రోజులూ ఒకటే పెట్టండి, పగలూ రాత్రికీ ఎలక తట్టుకునే శక్తి మారిపోతుందని 1960లోనే తెలిసింది.

టీఎన్ఎఫ్ కోసం రక్తం ఛాలెంజ్ తర్వాత 60 నుంచి 90 నిమిషాల మధ్య తీయండి. ఆరు గంటలకి తీస్తే రెండు గ్రూపుల్లోనూ పడిపోయే ఉంటుంది, అది చూసి టాలరెన్స్ వచ్చేసింది అని రాసేస్తారు, దయచేసి అలా చేయకండి.

ఎలకలు చచ్చిపోయేదాకా ఎదురుచూసి లెక్క రాయడం నాకు అస్సలు నచ్చదు, అవసరం కూడా లేదు. కుందేలుకి జ్వరం వస్తుంది గానీ ఎలక ఒళ్ళు మాత్రం షాక్‌లో చల్లబడిపోతుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గూని పెట్టి, కళ్ళు సగం మూసి మూల కూర్చుంటుంది. ఎంత టెంపరేచర్ కిందకి పోతే ఆపేసి నొప్పి లేకుండా ముగిస్తారో ఐఏఈసీ (కాలేజీ జంతు ఎథిక్స్ కమిటీ) అప్లికేషన్‌లోనే రాయండి. అప్రూవల్ రాకుండా ఒక్క ఎలకని కూడా ముట్టుకోవద్దు. టెంపరేచరే మీ రీడింగ్ కాబట్టి కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ రోజు డేటా పనికిరాదు, జనరేటర్ ముందే చెక్ చేసుకోండి.

ఇంకోటి, టాలరెన్స్ అంటే ఇమ్యూనిటీ మొత్తం మూతపడటం కాదండి. 2007లో ఇమ్యూనాలజిస్ట్ రుస్లాన్ మెడ్జిటోవ్ ల్యాబ్ చూపించింది ఏంటంటే, వాపు తెచ్చే జీన్లు ఆగినా బ్యాక్టీరియాని చంపే జీన్లు పనిచేస్తూనే ఉంటాయి. మొదటి డోసు పడ్డ మర్నాడే కనిపించే ఈ మొదటి రకం టాలరెన్స్ కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది, తర్వాత వచ్చేది యాంటీబాడీల వల్ల, అది ఇచ్చిన బ్యాక్టీరియా ఉపరకానికే, అంటే ఆ సెరోటైప్‌కే పరిమితం. మీకు వచ్చింది ఏదో తెలియాలంటే ముందు ఓ111:బీ4 అనే ఇ.కోలై సెరోటైప్ ఎల్‌పీఎస్ ఇచ్చి ఛాలెంజ్‌కి ఓ55:బీ5 వాడి చూడండి, అప్పటికీ కాపాడితే అది మొదటి రకమే.